స్పర్శ లేని పొట్టకు నొప్పి ఎక్కడిది?

తిరుపతిలో ఫిజియోథెరపిస్టును. మామిడి కోతల కాలంలో చెట్టు మీంచి పడి వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లు వస్తుంటారు. బంగారుపాళెం వైపు నుంచి వచ్చే ఒకాయన లుంగీ కట్టుకోడు, ఒళ్లో కప్పుకుంటాడు. మొలతాడు ఎప్పుడో తెంపేశాడు. "బొడ్డు చుట్టూ కారం రాసి, తాడేసి బిగించినట్టుంది సార్" అంటాడు. రెండంగుళాల కింద సూదితో గుచ్చితే మాత్రం తెలియదు.

అపోహ: స్పర్శే లేనప్పుడు నొప్పేంటి, నాటకం.

ఆయన భార్యే అడిగింది, "గుచ్చినా తెలీదు కదా, నొప్పి యాడ్నించి వస్తాది సార్?" అని. బొడ్డు చుట్టూ ఉన్న చర్మం కబురు టీ10 నరం, అంటే వెన్నుపాము ఛాతీ భాగం నుంచి వచ్చే పదో నరం, మోస్తుంది. వెన్నుపాము అక్కడ దెబ్బతింటే కింది కబుర్లు పైకి చేరవు. దెబ్బ అంచున మిగిలిన నరకణాలు మాత్రం ఊరుకోవు. గుడ్డ తగిలినా, ఏమీ తగలకపోయినా మెదడుకు "మంట" అని చెబుతూనే ఉంటాయి. పొట్టలో పుండు లేకపోయినా నొప్పి నిజం.

అపోహ: అది గ్యాసే.

స్కానింగ్ బాగుంటుంది, ఇంట్లో డబ్బా నిండా గ్యాస్ మాత్రలుంటాయి! అయితే మలబద్ధకం, యూరిన్ ఇన్ఫెక్షన్ ఈ నొప్పిని రెచ్చగొడతాయి. అందుకే నేను ముందు అడిగేది మోషన్ గురించి. రోజూ ఒకే వేళకు, తిన్న అరగంటకు కూర్చోవడం అలవాటు చేస్తే చాలామందికి తేడా తెలుస్తుంది.

అపోహ: నరాల మాత్రలు ఉత్త మత్తు మందులు.

గ్యాబాపెంటిన్, ప్రీగాబలిన్‌తో మగత వచ్చే మాట నిజమే. అందుకే డాక్టర్లు తక్కువ డోసుతో మొదలుపెడతారు. సొంతంగా పెంచొద్దు, ఉన్నట్టుండి ఆపొద్దు. నొప్పి మూడోవంతు తగ్గి, రాత్రి నిద్ర పడితే నా లెక్కలో అది గెలుపే. డైక్లోఫెనాక్ లాంటి మామూలు నొప్పి మాత్ర ఈ నొప్పికి పెద్దగా పనిచేయదు, ఏళ్ల తరబడి వాడితే కిడ్నీలకు చేటు.

పుత్తూరు కట్టు గురించీ అడుగుతారు. కట్టు ఎముకకు. వెన్నుపాము ఎముక కాదు.

అపోహ: పాత నొప్పే కదా, ఓర్చుకుందాం.

నాకు భయం ఇక్కడే. అపెండిక్స్ వాచినా వీళ్లకు మామూలుగా వచ్చే కుడివైపు పోటు రాకపోవచ్చు. నొప్పి తీరు మారినా, జ్వరం, వాంతులు, కాళ్ల బిగుతు పెరిగినా ఆస్పత్రికి వెళ్లాలి. దెబ్బ టీ6 (ఛాతీ భాగంలో ఆరో నరం) దగ్గరో, ఆపైనో ఉన్నవాళ్లకు తల పగిలిపోయేంత నొప్పి, ముఖాన చెమటలు వస్తే బీపీ ప్రమాదకరంగా పెరుగుతోందని అనుమానించాలి. పడుకోబెట్టొద్దు. నిటారుగా కూర్చోబెట్టి, బట్టలు వదులు చేసి, యూరిన్ పైపు మెలిక పడిందేమో చూసి, 108కి ఫోన్ చేయండి.