గూటిలో పెద్దరికం

తెలుగింట్లో తోబుట్టువును పిలవాలంటే ముందు పెద్దా చిన్నా తేలాలి. అన్న, తమ్ముడు, అక్క, చెల్లెలు: వరస చెప్పని పిలుపు మనకు లేదు. పాత తెలుగులో ‘దాయ’ అంటే జ్ఞాతి, శత్రువు కూడా. ఒకే మాటకు రెండర్థాలూ నిఘంటువులో పక్కపక్కనే ఉంటాయి. ఈ వరసకూ ఆ వైరానికీ ఉన్న లంకె శాస్త్రానికి అందడానికి చాలాకాలం పట్టింది.

1874లో ఫ్రాన్సిస్ గాల్టన్ ఇంగ్లండ్‌లోని పేరున్న శాస్త్రవేత్తల కుటుంబాలను ఆరా తీసి, వారిలో పెద్దకొడుకులు ఉండాల్సినదానికన్నా ఎక్కువమంది ఉన్నారని రాశాడు. తానేమో ఇంట్లో అందరికన్నా చిన్నవాడు! తర్వాత వియన్నా వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్, తమ్ముడో చెల్లెలో పుట్టగానే పెద్దబిడ్డ గద్దె దిగిన రాజులా అయిపోతాడన్నాడు. మాట బాగుంది, కొలత లేదు.

అసలు మలుపు పక్షుల దగ్గర వచ్చింది. కోడి గుడ్లన్నీ పెట్టాకే పొదుగుతుంది కనుక పిల్లలు ఇంచుమించు ఒకేసారి బయటికొస్తాయి. గద్దలు, కొంగలు అంతదాకా ఆగవు. గుడ్లు పెట్టడం పూర్తికాకముందే పొదగడం మొదలుపెడతాయి. దాంతో పిల్లల మధ్య రోజో రెండు రోజులో తేడా పడుతుంది. ఆ ఏడాది తిండి ఎంత దొరుకుతుందో తల్లికి ముందు తెలియదు కాబట్టే ఈ ఏర్పాటు అని 1947లో పక్షిశాస్త్రవేత్త డేవిడ్ లాక్ అన్నాడు. దొరికితే అన్నీ బతుకుతాయి, దొరకకపోతే చివరిది పోతుంది.

1964లో జీవశాస్త్రవేత్త విలియం హామిల్టన్ బంధుత్వానికి లెక్క కట్టాడు. తోడబుట్టినవారికి సగటున సగం జన్యువులు ఉమ్మడి, త్యాగానికి మూలం ఆ సగమే. (ఇద్దరు అన్నదమ్ముల కోసమైతే ప్రాణమిస్తాను, మేనత్త పిల్లలైతే ఎనిమిది మంది కావాలని జేబీఎస్ హాల్డేన్ అన్నట్టు చెప్పుకుంటారు. ఆయన అదే ఏడాది భువనేశ్వర్‌లో కన్నుమూశాడు.) పదేళ్ల తర్వాత రాబర్ట్ ట్రివర్స్ ఆ లెక్కను తిరగేశాడు. తనతో తనకు నూరుపాళ్లు, తోబుట్టువుతో సగమే. తల్లికి పిల్లలంతా సమానం. పేచీ అక్కడే ఉంది.

ఆ పేచీని గూటి పక్కన కూర్చుని చూసినవాడు అమెరికాలోని డగ్లస్ మాక్. ఆయన చూసిన కొంగల్లో పశువుల కొంగ ఒకటి. మన పొలాల్లో గేదెల వెంట తిరిగే తెల్లకొంగ దానికి దగ్గరి చుట్టమే. పెద్దపిల్ల మెడ నిటారుగా సాచి, పైనుంచి చిన్నదాని తల మీద ముక్కుతో పొడుస్తుంది. చిన్నది తల దాచుకుని నక్కుతుంది. మేత వచ్చినప్పుడు తల్లి ముక్కును ముందు దొరకబుచ్చుకునేది పెద్దదే. తల్లో తండ్రో గూటి అంచున నిలబడి ఉన్నా దాదాపు ఎన్నడూ అడ్డుపడరు. ఇది నిర్లక్ష్యమనే అనిపిస్తుంది. కానీ 1997లో హ్యూబర్ట్ ష్వాబెల్‌తో కలిసి మాక్ బృందం గుడ్ల సొనను పరీక్షించింది. ముందు పెట్టిన గుడ్లలో దూకుడును పెంచే పురుష హార్మోన్లు చివరిదానిలో కంటే ఎక్కువగా ఉన్నాయి. అంటే పెద్దదానికి ఆయుధం అందించింది తల్లే.

మరి మనుషుల్లో? 2007లో నార్వే పరిశోధకులు సైన్యానికి పిలుపు అందుకున్న సుమారు 2,41,000 మంది యువకుల బుద్ధి పరీక్షల మార్కులు చూశారు. రెండో కొడుకుల కన్నా పెద్దకొడుకులకు సగటున రెండు పాయింట్లకు పైగా ఎక్కువ వచ్చాయి. ఇద్దరు మనుషులను పోల్చడానికి పనికిరానంత చిన్న తేడా. విశేషం ఇంకోచోట ఉంది. అన్నయ్యో అక్కయ్యో పసితనంలోనే చనిపోవడంతో ఇంట్లో పెద్దవాళ్లుగా పెరిగిన రెండోవాళ్లకు పెద్దకొడుకులతో సమానంగా మార్కులు వచ్చాయి. గర్భంలో వచ్చిన తేడా అయితే అలా జరగకూడదు.

2015లో జర్మన్ పరిశోధకులు మూడు దేశాల్లో ఇరవై వేల మందికి పైగా స్వభావాలను పరిశీలించారు. బుద్ధి పరీక్షలో అదే చిన్న తేడా మళ్లీ కనిపించింది. కలుపుగోలుతనం, ఓర్పు, పట్టుదల వంటి గుణాల్లో మాత్రం పెద్ద, నడిమి, కడగొట్టు అన్న తేడా చెప్పుకోదగినంత దొరకలేదు.