సెల్ఫు తిరగని పొద్దున: బ్యాటరీ గురించి పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

“తాతయ్యా, పొద్దున బండి సెల్ఫు తిరగడం లేదు, షాపులో బ్యాటరీ మార్చాలంటున్నారు, ఏది కొనమంటారు?” అని మీలో ఒకరు అడిగారు. ఏది కొనాలో తప్పకుండా చెబుతాను. కానీ అంతకన్నా ముందు పాతది ఎందుకు పోయిందో తేల్చుకోవాలి. ఆ కారణం అలాగే ఉండిపోతే, ఎంత మంచి బ్యాటరీ తెచ్చి పెట్టినా ఏడాది తిరక్కుండానే అదీ అదే దారి పడుతుంది. విజయవాడ ఆటోనగరులో ముప్పై ఏళ్లు బండ్ల కరెంటు పని చేసిన నాకు, బ్యాటరీ తప్పేమీ లేకుండానే దాన్ని మార్చుకుని వెళ్లినవాళ్లు లెక్కలేనంతమంది కనిపించారు.

బ్యాటరీ పెట్టెలో ఆరు గదులుంటాయి. ఒక్కొక్క గదిలో సీసపు పలకలు, వాటి చుట్టూ నీళ్లు కలిపిన గంధకామ్లం, అంటే మనం యాసిడ్ అనేది. గదికి రెండు వోల్టులకు కాస్త ఎక్కువ చొప్పున ఆరు కలిస్తే పన్నెండు పైచిలుకు వస్తుంది. 1859లో ఫ్రాన్సు దేశస్థుడు గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన నాటి నుంచి ఈ మూలసూత్రం మారలేదు. కరెంటు వాడుకున్నకొద్దీ పలకల మీద లెడ్ సల్ఫేటు పేరుకుని యాసిడ్ పలచబడుతుంది, ఛార్జి ఎక్కించినప్పుడు అది కరిగి మళ్లీ యాసిడ్‌లో కలుస్తుంది. అయితే ఛార్జి దిగిన బ్యాటరీని వారాల తరబడి అలాగే వదిలేస్తే, మెత్తగా ఉండవలసిన ఆ సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా బిగుసుకుపోయి, ఆ తర్వాత ఎంత ఛార్జి పెట్టినా కరగదు. మన ఇళ్లలో బ్యాటరీలు ఎక్కువగా పాడయ్యేది వాడకం వల్ల కాదు, ఇలా సగం ఛార్జితో నిలబెట్టడం వల్ల.

కొద్ది వందల రూపాయలకు దొరికే మల్టీమీటరు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. రాత్రంతా కదలకుండా ఉన్న బండి బ్యాటరీకి పొద్దున్నే పెట్టి చూస్తే, 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.4 అయితే ముప్పాతిక, 12.2 అయితే సగం, 12కు దిగితే దాదాపు ఖాళీ అయినట్టు. తర్వాత సెల్ఫు కొడుతుండగా చూడండి: బాగున్న కారు బ్యాటరీ ఆ క్షణంలో కూడా తొమ్మిదిన్నర కంటే కిందికి సాధారణంగా దిగదు. ఇంజను నడుస్తుండగా మాత్రం 13.8 నుంచి 14.4 దాకా ఉండాలి, అప్పుడే బ్యాటరీకి ఛార్జి అందుతున్నట్టు. ఈ మూడో అంకె చూడకుండా బ్యాటరీ మార్చమని చెప్పేవారి మాట నమ్మకండి.

ఒకసారి ఒక టాక్సీ డ్రైవరు, ఒకే ఏడాదిలో ఇంకో షాపులో రెండు బ్యాటరీలు మార్పించుకుని, మూడోది కూడా డౌన్ అయ్యాక మా దగ్గరికి వచ్చాడు. ఇంజను ఆన్ చేయించి లైట్లు, ఏసీ వేయించి మీటరు పెడితే 12.7 దాటలేదు. ఇంజను తిరుగుతుండగా కరెంటు పుట్టించి బ్యాటరీని నింపే ఆల్టర్నేటరు బెల్టు మీద బొటనవేలు పెట్టి నొక్కితే తీగలా వంగిపోయింది, లోపలి అంచు గాజుముక్కలా నున్నగా అరిగి మెరుస్తోంది. బెల్టు మార్చి బిగించాక అంకె 14.1కు వచ్చింది. అతను పోగొట్టుకున్న రెండు బ్యాటరీల డబ్బు ఎవరూ తిరిగి ఇవ్వలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. మరో మాట: ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు ఊడదీసి ఛార్జింగు “పరీక్ష” చేసే అలవాటు కొందరికి ఉంది. ఆ క్షణంలో వోల్టేజి ఎగదన్ని నేటి బండ్లలోని కంప్యూటరు పెట్టెలు కాలిపోవచ్చు. ఎవరినీ అలా చేయనివ్వకండి.

మన ప్రాంతంలో బ్యాటరీకి మరో పెద్ద శత్రువు ఎండ. రామగుండంలోనో రెంటచింతలలోనో నలభై అయిదు డిగ్రీలు దాటే మే నెలలో బానెట్ కింద వేడి ఇంకా ఎక్కువ. పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుంది కాబట్టి పలకలు అంత త్వరగా తినేసుకుపోతాయి. దెబ్బ తగిలేది వేసవిలో, బయటపడేది డిసెంబరు చలిలో. అందుకే ఎండల్లో నెలకోసారి నీళ్లు చూడాలి. మూత బిరడాలు తీసి టార్చిలైటు వేస్తే పలకల అంచులు నీటికింద మునిగి ఉండాలి, పొడిగా బూడిదరంగులో తేలి కనిపిస్తే అప్పటికే ఆలస్యమైనట్టు. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బోరు నీళ్లలోనూ, మనం తాగే ప్యూరిఫయరు నీళ్లలోనూ లవణాలు మిగిలి ఉంటాయి. ఎప్పుడూ యాసిడ్ పోయకండి, ఆవిరైపోయేది నీరే గాని యాసిడ్ కాదు. మోటారుసైకిళ్లకు వచ్చే సీలు చేసిన బ్యాటరీల మూత మాత్రం తెరవకూడదు.

బైకుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 2017 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజను నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 అనే పొగ కాలుష్య నిబంధనలు వచ్చాక చాలా బండ్లు కార్బురేటరు వదిలి ఫ్యూయల్ ఇంజెక్షనుకు మారాయి. పెట్రోలు పంపే మోటారుకు కూడా కరెంటు కావాలి కనుక, బ్యాటరీ పూర్తిగా చచ్చాక పాత బండిలా తోసి స్టార్టు చేద్దామంటే చాలాసార్లు కుదరదు. పైగా మీ కాలేజీ రెండు కిలోమీటర్లే: సెల్ఫుకు ఖర్చయిన కరెంటు ఆ దూరంలో పూర్తిగా తిరిగి రాదు. వారానికోసారి అరగంట ఆగకుండా నడపండి. చార్జరు పెట్టాల్సి వస్తే, బ్యాటరీ ఎంత కరెంటు దాచుకోగలదో చెప్పే ఆంపియర్-అవర్ అంకె దాని మీద రాసి ఉంటుంది, అందులో పదో వంతు కరెంటుతో నెమ్మదిగా పెట్టించండి: నాలుగు ఆంపియర్-అవర్లది అయితే 0.4 ఆంపియర్లు. కార్ల చార్జరుకు తగిలించి గంటలో నింపేస్తామంటే ఒప్పుకోకండి, చిన్న పలకలు ఆ దూకుడుకు వంకరపోతాయి.

ఇక కొనడం. కంపెనీ చెప్పిన కొలత, ధ్రువాల (ప్లస్, మైనస్) దిశ, ఆంపియర్-అవర్ ముందు చూసుకోవాలి. చిన్న కార్ల బ్యాటరీ మీద 38బి20ఎల్ లాంటి గుర్తు ఉంటుంది: 38 దాని శక్తి స్థాయి, బి వెడల్పు-ఎత్తుల తరగతి, 20 సెంటీమీటర్లలో పొడవు, చివరి అక్షరం ధ్రువాలు ఏ పక్కనున్నాయో చెప్పే గుర్తు. అది ఎల్‌కు బదులు ఆర్ అయితే వైర్లు అందవు. సిగ్నలు దగ్గర ఇంజను తనంతట తానే ఆగి తిరిగి స్టార్టయ్యే కారుకు మాటిమాటికీ స్టార్టు చేయడాన్ని తట్టుకునేలా చేసిన ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకమే వేయాలి, చవక కదా అని మామూలుది వేస్తే కొన్ని నెలలకే అలసిపోతుంది. పేరున్న కంపెనీలు చాలా ఉన్నాయి, తిరుపతి దగ్గరి కరకంబాడిలో అమరరాజా సంస్థ తయారు చేసేవీ అందులో ఉన్నాయి. నా అనుభవంలో పేరుకన్నా ముఖ్యం తాజాదనం. పెట్టె మీది తయారీ నెల చూపించమనండి, ఆరు నెలలు దాటితే వద్దనండి, మీ మీటరు పెట్టి 12.5 పైన ఉందో లేదో చూడండి. వారంటీలో ఎన్ని నెలలు ఉచితంగా మారుస్తారో, ఎన్ని నెలలు “ప్రోరేటా” అంటే వాడిన కాలానికి కోత పెడతారో విడివిడిగా రాయించుకుని, కార్డు మీద తేదీ, షాపు ముద్ర వేయించుకోండి.

బిగించేటప్పుడు నెగటివు వైరు ముందు తీసి, చివర తగిలించాలి. పాజిటివు విప్పుతున్న పానా పొరపాటున బాడీకి తగిలితే నిప్పు ఎగురుతుంది, ఛార్జింగులో వచ్చే, ఇట్టే అంటుకునే హైడ్రోజను వాయువు అక్కడే ఉంటుంది. బ్యాటరీ ఊగకుండా క్లాంపు గట్టిగా బిగించండి, కుదుపులకు పలకల మీది పూత రాలిపోతుంది. టెర్మినళ్లకు తెల్లగా, నీలంగా చిలుము పట్టితే వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, ఆరాక పెట్రోలియం జెల్లీ రాయండి. కంట్లో యాసిడ్ పడితే కనీసం పావుగంట ధారగా నీళ్లు పోస్తూ, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

పాత బ్యాటరీని కొత్తది కొన్న షాపులోనే ఇవ్వండి, ధరలో తగ్గిస్తారు కూడా. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది. వీధి పాతసామాన్లవాళ్లు దాన్ని పగలగొట్టి యాసిడ్‌ను కాలువలో పోసి, సీసాన్ని పెరట్లో కరిగిస్తే ఆ పొగ, ఆ మట్టి ముందుగా చేరేది పక్కింటి పసిపిల్లల ఒంట్లోకి, సీసం వాళ్ల మెదడు ఎదుగుదలనే దెబ్బతీస్తుంది. షాపుకు తీసుకెళ్లేటప్పుడు స్కూటరు ముందు అడ్డంగా పడుకోబెట్టకుండా, ప్లాస్టిక్ తొట్టిలో నిటారుగా పెట్టుకుని వెళ్లండి.

ఇట్లు,
మీ తాతయ్య