లైవ్‌కి బిట్‌రేట్ ఎంత పెట్టాలి? పెళ్లి పందిట్లో, బండలాగుడు బరిలో వినిపించే అపోహలు

బిట్‌రేట్ అంటే మన లైవ్ సెకనుకు ఎంత డేటా పంపుతుందో చెప్పే అంకె.

అపోహ: స్పీడ్ టెస్ట్‌లో 40 ఎంబీపీఎస్ వచ్చింది, ఇంక దిగుల్లేదు.

వాస్తవం: ఆ 40 డౌన్‌లోడ్. లైవ్‌కి కావాల్సింది దాని పక్కనుండే అప్‌లోడ్ అంకె. దాన్నీ పూర్తిగా నమ్మలేం. స్పీడ్ టెస్ట్ ఒకేసారి చాలా కనెక్షన్లు తెరిచి కొన్ని సెకన్లు కొలిచి వదిలేస్తుంది. ఆర్‌టీఎంపీ (యూట్యూబ్ లాంటి వాటికి లైవ్ పంపే పద్ధతి) లైవ్ మాత్రం ఒక్క కనెక్షన్ మీదే గంటల తరబడి నడవాలి. పైగా టవర్ అందరిదీ. రొట్టెల పండుగప్పుడు నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టున తెల్లారి కొలిచిన అప్‌లోడ్, జనం నిండాక అందులో నాలుగో వంతుకు పడిపోయినా ఆశ్చర్యం లేదు.

అందుకే లైవ్ ఇచ్చే చోటే, ఇచ్చే వేళకే మూడుసార్లు కొలవండి. అన్నిటికన్నా తక్కువ వచ్చిన అంకె పట్టుకోండి. ఫైబర్ అయితే అందులో 70 శాతం, సిమ్ అయితే సగం. సిమ్ మీద 6 ఎంబీపీఎస్ వచ్చిందనుకోండి, మన వాటా 3000 కేబీపీఎస్ (1 ఎంబీపీఎస్ అంటే 1000 కేబీపీఎస్). ఆడియోకి 128 తీసేస్తే వీడియోకి 2800 పెట్టుకోవచ్చు. ఆ సెట్టింగ్‌తో అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా) 15 నిమిషాలు నడిపి చూడండి.

అపోహ: 1080పి లేకపోతే లైవ్ పెట్టించుకునే పార్టీ ఒప్పుకోదు.

వాస్తవం: 720పి కంటే 1080పిలో పిక్సెళ్లు 2.25 రెట్లు. 2800 కేబీపీఎస్‌ని అన్ని పిక్సెళ్లకు పంచితే కెమెరా కదిలినప్పుడల్లా బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతుంది. అదే బిట్‌రేట్‌తో 720పి శుభ్రంగా ఉంటుంది. వీడియోకి నికరంగా 4500 దొరికితేనే 1080పి జోలికి పోండి.

అపోహ: ఒక్క అంకె గుర్తుపెట్టుకుంటే అన్ని ఫంక్షన్లకీ సరిపోతుంది.

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. వీడియోని కుదించే ఎన్‌కోడర్ ప్రతి ఫ్రేమునీ మొత్తంగా పంపదు, ముందు ఫ్రేముకీ దీనికీ ఉన్న తేడానే పంపుతుంది. పంతులుగారు కూర్చుని మంత్రాలు చదివే షాట్‌కి 720పిలో 2000 చాలు. తలంబ్రాలు మొదలయ్యాయా, గాల్లో ప్రతి గింజా ఒక కొత్త తేడానే. అంతసేపూ బాగున్న లైవ్ సరిగ్గా అందరూ చూసే ఆ నిమిషంలో మసకబారేది అందుకే. బిట్‌రేట్ లెక్క తలంబ్రాలకు వేసుకోవాలి, మంత్రాలకు కాదు.

ఒంగోలు గిత్తల బండలాగుడు ఇంకా కష్టం. దుమ్ము, వెంట పరిగెత్తే జనం, దానికి తోడు కెమెరా పానింగ్. 720పిలోనే 4000 అడుగుతుంది. అంత అప్‌లోడ్ లేకపోతే కెమెరాని స్టాండ్ మీద ఎత్తులో పెట్టి వైడ్‌గా కదలకుండా ఉంచండి, తక్కువతోనే గట్టెక్కుతుంది.

రాత్రి ఉత్సవాల్లో గెయిన్ (చీకట్లో బొమ్మ వెలుగు పెంచే కెమెరా సెట్టింగ్) పెంచితే వచ్చే చుక్కల్ని కూడా ఎన్‌కోడర్ కదలికే అనుకుంటుంది. గెయిన్ తగ్గించి ఒక లైటు అదనంగా పెట్టడం బిట్‌రేట్ పెంచడంకన్నా మేలు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టండి. లేకపోతే కొన్ని లైట్ల కింద బొమ్మ మిణుకుమంటుంది, ఆ మిణుకు కూడా బిట్లు తింటుంది.

అపోహ: వీబీఆర్ (కదలికను బట్టి మారే బిట్‌రేట్) పెడితే డేటా మిగులుతుంది.

వాస్తవం: మిగిలేది కాస్తే. కదలిక పెరిగినప్పుడు అది ఒక్కసారిగా ఎగబాకి లైన్‌ని ముంచుతుంది. సీబీఆర్ (ఎప్పుడూ ఒకే బిట్‌రేట్) పెట్టండి, కీఫ్రేమ్ (మొత్తంగా పంపే ఫ్రేము) 2 సెకన్లకు ఒకటి. ఇందులో ఆలోచించేదేం లేదు. 4500 కేబీపీఎస్‌కి గంటకు 2 జీబీ పైనే అవుతుంది కాబట్టి రోజుకు 2 జీబీ ప్యాక్ గంట తిరక్కుండానే ఖాళీ.

అపోహ: రెండు సిమ్‌ల రౌటర్ పెడితే స్పీడు రెండింతలు.

వాస్తవం: చాలా రౌటర్లలో రెండో సిమ్ మొదటిది పడిపోతే అందుకోవడానికే. లోడ్ బ్యాలెన్సింగ్ ఉన్నా అది కనెక్షన్లను పంచుతుంది. మన లైవ్ ఒక్కటే కనెక్షన్, కాబట్టి ఒక్క సిమ్ మీదే పోతుంది. నిజంగా కలిపేది బాండింగ్, అంటే ఒక్క లైవ్‌నే ముక్కలు చేసి రెండు సిమ్‌ల మీదా పంపడం. దానికి అవతల ముక్కల్ని కలిపే సర్వర్ ఉండాలి, దాని ఖర్చు వేరు.

అపోహ: లైవ్ ఆగితే బిట్‌రేట్ తగ్గించడమే మందు.

వాస్తవం: ముందు ఓబీఎస్‌లో (లైవ్ పంపే సాఫ్ట్‌వేర్) స్టాట్స్ తెరవండి. నెట్‌వర్క్ వల్ల డ్రాప్ అయిన ఫ్రేములు పెరుగుతుంటేనే బిట్‌రేట్ తగ్గించాలి. ఎన్‌కోడింగ్ లాగ్ (వెనకబడటం) కనిపిస్తే ప్రాసెసర్ తట్టుకోలేకపోతోంది, ఎక్స్264 (ప్రాసెసర్ మీద నడిచే ఎన్‌కోడర్) ప్రీసెట్ వెరీఫాస్ట్ నుంచి సూపర్‌ఫాస్ట్‌కి మార్చండి. రెండరింగ్ లాగ్ అయితే గ్రాఫిక్స్ కార్డు మీద భారం, సీన్‌లో బరువైన ఓవర్‌లేలు తీసేయండి. మూడూ సున్నా దగ్గరే ఉండి, అమెరికాలో ఉన్న చుట్టం ఒక్కడికే ఆగుతుంటే తేడా ఆయన నెట్‌లో ఉండొచ్చు. యూట్యూబ్‌లో లేటెన్సీ (చూసేవాళ్లకు చేరే ఆలస్యం) నార్మల్‌లో ఉందో లేదో మాత్రం చూడండి. అల్ట్రా లో పెడితే చూసేవాళ్లకు బఫర్ (ముందుగా దాచుకునే వీడియో) నిలవ తగ్గిపోతుంది.