వదిలిన ఊపిరిలో కనిపించే జబ్బు

బూజు పట్టిన ఎండుగడ్డిలో పెరిగే సూక్ష్మజీవులు, పావురాల రెట్టల్లోనూ ఈకల్లోనూ ఉండే ప్రోటీన్లు పీల్చేవారిలో చాలామందికి ఏ హానీ చెయ్యవు. కొందరిలో మాత్రం రోగనిరోధక వ్యవస్థ వాటిని శత్రువులుగా ఎంచి, చిన్న శ్వాసనాళికల చుట్టూ, వాయుకోశాల గోడల్లో లింఫోసైట్లు అనే ఒక రకం తెల్ల రక్తకణాలను మోహరిస్తుంది. ఈ జబ్బు పేరు హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. దగ్గూ ఆయాసమూ ఎన్నో జబ్బుల్లో ఉండేవే, పైగా మామూలు ఎక్స్‌రేలో ఒక్కోసారి ఏ తేడా కనిపించదు. అందుకే సి.టి. స్కాన్ అవసరమవుతుంది.

సి.టి.లో ప్రతి బిందువు సాంద్రతకూ ఒక అంకె ఉంటుంది. సి.టి. స్కానర్‌ను రూపొందించిన హౌన్స్‌ఫీల్డ్ పేరిట పిలిచే ఈ కొలమానంలో గాలి −1000, నీరు 0; అంకె తగ్గేకొద్దీ ఆ చోటు చిత్రంలో నల్లబడుతుంది. ఒకటిన్నర మిల్లీమీటరుకు మించని పలుచని పొరలుగా ఊపిరితిత్తిని చూసినప్పుడు, వాపు ఉన్న చోట గరుకు గాజు అడ్డం పెట్టినట్టు తెల్లని మసక పరుచుకుంటుంది, అయినా దాని వెనక రక్తనాళాల గీతలు కనిపిస్తూనే ఉంటాయి. అంచులు తేలని సన్నని చుక్కలు కూడా ఉంటాయి. పీల్చిన ధూళిని మోసుకొచ్చే నాళిక ఊపిరితిత్తిలోని ప్రతి చిన్న గదికీ నడిమధ్యనే చేరుతుంది కనుక ఆ చుక్కలూ గది మధ్యనే పుడతాయి.

అసలు రహస్యం బయటపడేది ఊపిరి వదిలాక తీసే రెండో స్కాన్‌లో. మామూలుగా గాలి బయటికి పోగానే ఊపిరితిత్తి కుదించుకుపోయి చిత్రంలో తెల్లబారుతుంది. వాపుతో నాళిక ఇరుకైన చోట గాలి లోపలే చిక్కుకుని ఆ భాగం నల్లగా మిగిలిపోతుంది. నల్లని భాగం, మామూలు భాగం, మసక భాగం పక్కపక్కనే కనిపిస్తే ఈ జబ్బును గట్టిగా అనుమానించాలి. పూర్వం ఈ దృశ్యానికి ఒక పాశ్చాత్య మాంస వంటకం పేరుండేది, ఆ వంటకాన్ని చూడనివారికి అదేం బోధపడుతుంది! 2020లో అమెరికా, జపాన్, లాటిన్ అమెరికా వైద్య సంఘాల మార్గదర్శకాలు దాన్ని మూడు సాంద్రతల గుర్తుగా పిలవాలని సూచించాయి. రోగి నిజంగా ఊపిరి వదిలాడా అన్నది కూడా చిత్రమే చెబుతుంది: వదిలితే శ్వాసనాళం వెనక గోడ లోపలికి వంగుతుంది. వంగకపోతే ఆ స్కాన్‌ను నమ్మడం కష్టం.

జబ్బు ముదిరితే మచ్చ కట్టిన కణజాలం నాళికలను లాగి వెడల్పు చేస్తుంది, తేనెపట్టు లాంటి గదులూ ఏర్పడవచ్చు. అప్పుడు కారణం తెలియని పల్మనరీ ఫైబ్రోసిస్‌తో, అంటే ఊపిరితిత్తులు మచ్చకట్టే మరో జబ్బుతో, పొరబడే ప్రమాదం ఉంది. ఆ జబ్బు సాధారణంగా ఊపిరితిత్తుల అడుగున ఎక్కువగా ఉంటుంది, ఇది చాలామందిలో అడుగుభాగాన్ని కొంతవరకు వదిలేస్తుంది. తేడా పట్టడం ముఖ్యం, ఎందుకంటే హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్‌లో వాపు తగ్గించడానికి స్టెరాయిడ్లు వాడతారు. ఫైబ్రోసిస్ రోగులకు స్టెరాయిడ్‌ను మరో రెండు మందులతో కలిపి ఇచ్చినప్పుడు మరణాలు పెరిగాయని 2012లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది.

ఒక్క స్కాన్‌తోనే నిర్ధారణ కాదు. ఊపిరితిత్తిని కడిగిన ద్రవంలో లింఫోసైట్ల శాతం చూస్తారు, కొందరికి చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీ చేస్తారు. అంతకంటే ముందు, మూడు సాంద్రతలు కనబడగానే డాక్టరు రోగి దగ్గరికి తిరిగి వెళ్ళి, మొదటిసారి అడగని ప్రశ్నలు అడుగుతాడు: ఇంట్లో పక్షులున్నాయా, గోడలకు చెమ్మ ఉందా, తలగడలో ఉన్నది దూదా, ఈకలా?