జపాన్ బుల్లెట్ రైలు ప్రయాణం: అపోహలు - వాస్తవాలు

టోక్యోలో ఉంటూ, ఇండియా నుంచి వచ్చే తెలుగు కుటుంబాలకు ట్రిప్పులు ప్లాన్ చేసి పెట్టడం నా పని. హోటల్ గురించి అడగనివాళ్లు ఉంటారేమో గానీ షింకాన్‌సెన్ అనే ఈ బుల్లెట్ రైలు గురించి అడగనివాళ్లు లేరు. చిత్రం ఏంటంటే, కంగారు పడక్కర్లేని విషయాలకు నెల ముందు నుంచీ నిద్ర మానుకుంటారు, చూసుకోవాల్సినవి మాత్రం గాలికి వదిలేస్తారు.

అపోహ: జపాన్ వెళ్తే జేఆర్ పాస్ కొనాల్సిందే

జేఆర్ అంటే జపాన్ రైల్వేస్, వాళ్ల రైళ్లలో నిర్ణీత రోజులు ఎన్నిసార్లైనా తిరగనిచ్చే టికెట్ ఈ పాస్. ఒకప్పుడు నేనూ ఇదే చెప్పేవాణ్ణి. 7 రోజుల పాస్ 29,650 యెన్లు ఉన్న రోజుల్లో టోక్యో నుంచి క్యోటో వెళ్లి తిరిగొస్తే దాదాపు డబ్బులు గిట్టేవి, ఇంకో ఊరు చూస్తే అది లాభం. 2023 అక్టోబరులో దాన్ని ఒక్కసారిగా 50,000 చేశారు. పాత వీడియోలు మాత్రం అలాగే తిరుగుతున్నాయి, మనవాళ్లు అవి చూసి టికెట్ల కంటే ముందు పాస్ కొనేసి నాకు ఫోన్ చేస్తారు.

లెక్క వేసుకోండి. టోక్యో నుంచి క్యోటోకి నొజోమిలో (తక్కువ స్టాపులతో వేగంగా వెళ్లే బుల్లెట్ రైలు) రిజర్వుడు సీటు సుమారు 14,000 యెన్లు, రానూపోనూ 28,000. అంటే పాస్ కొంటే మనిషికి ఇరవై వేలకు పైగా నష్టం, నలుగురికి వెళ్తే తడిసి మోపెడు. హిరోషిమా దాకా వెళ్లొచ్చినా ఒకవైపు 20,000 లోపే కాబట్టి పాస్ ధర అందదు. పైగా పాస్ ఉన్నా నొజోమి ఎక్కాలంటే విడిగా ఇంకో టికెట్ కొనాలి. వారంలో అటు ఉత్తరాన ఆవొమొరి, ఇటు దక్షిణాన కగొషిమా తిరిగే ఓపిక ఉన్నవాళ్లకు పాస్ ఇప్పటికీ బేరమే. మిగతావాళ్లు టోక్యోలో దిగి, ఒసాకా పక్కనున్న కన్సాయ్ ఎయిర్‌పోర్టు నుంచి తిరుగు విమానం ఎక్కేలా చూసుకుంటే రైలు ఛార్జీ ఒకవైపుదే అవుతుంది.

అపోహ: ముందే బుక్ చేయకపోతే సీట్లు దొరకవు, వెయిటింగ్ లిస్టులో పడతాం

తత్కాల్ కోసం పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూర్చున్న అలవాటు కదా మనది. ఇక్కడ టోక్యో, ఒసాకాల మధ్య రద్దీ వేళల్లో గంటకు 12 దాకా నొజోమీలు నడుస్తాయి, ఒక్కో రైలుకు 16 పెట్టెలు, 1,323 సీట్లు. మామూలు రోజున స్టేషన్‌కి వెళ్లి అరగంటలో బయల్దేరే రైలుకి టికెట్ తీసుకోవచ్చు. కొత్త సంవత్సరం, ఏప్రిల్ చివర్లో మొదలయ్యే గోల్డెన్ వీక్, ఆగస్టులో ఒబొన్ సెలవులు మాత్రం వేరే కథ. అప్పుడు నొజోమీలన్నీ పూర్తిగా రిజర్వుడే. అలాంటి రోజుల్లో పిల్లలతో వస్తుంటే ముందే బుక్ చేసుకోండి.

రిజర్వేషన్ లేని పెట్టె అంటే జనరల్ బోగీ అని భయపడేవాళ్లు కూడా ఉన్నారు. అదే సీటు, అదే ఏసీ, మామూలు రోజుల్లో ధరలో తేడా వెయ్యి యెన్లు కూడా ఉండదు. ఇంకో మంచి సంగతి, మీ రైలు తప్పిపోయినా మామూలు రిజర్వుడు టికెట్‌తో అదే రోజు తర్వాత వచ్చే రైల్లో రిజర్వేషన్ లేని పెట్టెలో కూర్చుని వెళ్లొచ్చు. ముందుగా కొనే డిస్కౌంట్ టికెట్లలో చాలావాటికి ఈ వెసులుబాటు లేదు, నాలుగు డబ్బులు మిగులుతాయని అవి తీసుకుని స్టేషన్లో దారి తప్పినవాళ్ల మొహాలు నేను చూశాను.

అపోహ: సుయికా కార్డు తాకిస్తే చాలు

సుయికా అంటే ముందే డబ్బులు వేసుకుని గేటుకి తాకించే కార్డు, మెట్రోకి అది చాలు. షింకాన్‌సెన్‌కి అలా కుదరదు. స్మార్ట్ ఈఎక్స్ అనే బుల్లెట్ రైలు టికెట్ల యాప్‌లో టికెట్ కొని, ఆ కార్డును దానికి జత చేస్తే అప్పుడు గేటు తెరుచుకుంటుంది, డబ్బులు పోయేది మాత్రం క్రెడిట్ కార్డులోంచే.

కాగితం టికెట్ తీసుకుంటే చేతికి రెండు వస్తాయి: ఒకటి దూరానికి కట్టే మూల ఛార్జీ, రెండోది ఎక్స్‌ప్రెస్ ఛార్జీ. ఒక బాబాయి గారు రెండోది రసీదు అనుకుని చెత్తబుట్టలో వేసేశారు, జపాన్‌లో చెత్తబుట్ట దొరకడమే కష్టం, ఆయనకు మాత్రం ఆ రోజు దొరికింది! రెండూ కలిపి గేట్లో పెట్టాలి, అవతల మళ్లీ తీసుకోవాలి.

ఈ కాగితం టికెట్లో చాలామందికి తెలియని సుఖం ఒకటుంది. బుల్లెట్ రైలు ఆగేది షిన్-ఒసాకాలో, అసలు ఒసాకా స్టేషన్ అక్కడి నుంచి ఇంకో స్టాపు. మూల ఛార్జీ టికెట్ మీద 'ఒసాకా నగరం లోపల' అని జపనీస్‌లో ఉంటే, ఆ నగర పరిధిలో ఏ జేఆర్ స్టేషన్లో దిగినా అదనంగా కట్టక్కర్లేదు. టోక్యో వైపు కూడా అంతే. యాప్ టికెట్‌కి ఇది వర్తించదు, అది షింకాన్‌సెన్ గేటు దగ్గరే ముగుస్తుంది.

అపోహ: ఒక్క సెకను కూడా ఆలస్యం కాదు

వాన, మంచు, తుఫాన్లు అన్నీ కలిపి లెక్కేసినా ఏడాది సగటు ఆలస్యం రైలుకి ఒకటి రెండు నిమిషాలే అన్నది నిజం. కానీ సగటు నమ్ముకుని విమానం అందుకోలేం. 2024 జులై 22న టోక్యో-ఒసాకా లైన్లో పట్టాల మరమ్మతు బండ్లు రెండు ఢీకొని హమమత్సు, నగోయాల మధ్య రోజంతా రైళ్లు నడవలేదు. అదే ఏడాది ఆగస్టు చివర్లో తుఫాను వానలకు ఈ లైనే రోజుల తరబడి ఆగింది. చలికాలంలో సెకిగహర దగ్గర మంచు పడితే వేగం తగ్గిస్తారు. రెండు గంటలు, ఆపైన ఆలస్యమైతే ఎక్స్‌ప్రెస్ ఛార్జీ తిరిగిస్తారు, విమానం టికెట్ డబ్బులు ఇవ్వరు. అందుకే తిరుగు ప్రయాణానికి ముందు రాత్రి విమానం ఎక్కే ఊళ్లోనే పడుకోమని చెప్తాను, అందరూ తలూపుతారు, సగం మంది వినరు. అన్నట్టు నరితా ఎయిర్‌పోర్టుకి షింకాన్‌సెన్ లేదు, టోక్యోలో దిగి వేరే రైలు మారాలి.

భద్రత సంగతి కూడా ఇందులోనే చెప్పేస్తాను. 1964 అక్టోబరు 1న మొదలైనప్పటి నుంచి షింకాన్‌సెన్ పట్టాలు తప్పడం వల్ల గానీ ఢీకొనడం వల్ల గానీ ఒక్క ప్రయాణికుడూ చనిపోలేదు. అసలు పట్టాలే తప్పలేదు అంటే మాత్రం అబద్ధం. 2004లో నీగాత భూకంపంలో వేగంగా వెళ్తున్న రైలు పట్టాలు తప్పింది, లోపలున్న 150 మందికి పైగా జనంలో ఎవరికీ దెబ్బ తగల్లేదు.

అపోహ: పెద్ద సూట్‌కేసులు ఎక్కనివ్వరు

పొడవు, వెడల్పు, మందం మూడూ కలిపి 160 సెంటీమీటర్ల లోపుంటే ఎవరూ ఏమీ అడగరు. విమానాల చెకిన్ బ్యాగుకి సాధారణంగా పెట్టే హద్దు 158, కాబట్టి మీ బ్యాగు అక్కడ నెగ్గితే ఇక్కడా నెగ్గినట్టే. 161 నుంచి 250 దాకా అయితే టోక్యో-ఒసాకా లైన్లోనూ, దాన్ని దాటి క్యూషూ దాకానూ, సామాను చోటు ఉన్న సీటే రిజర్వు చేసుకోవాలి. దానికి అదనపు ఖర్చు లేదు, చేసుకోకుండా ఎక్కితే 1,000 యెన్లు కట్టాలి.

అసలు కష్టం కొలత కాదు, బరువు. 23 కేజీల పెట్టెను పై అరలోకి ఎత్తాలి, కూలీలు ఉండరు, రైలు మధ్య స్టేషన్లలో ఆగేది ఒకటి రెండు నిమిషాలే. టైమ్ అయిపోతుంటే మీ బోగీ నంబరు వెతుక్కోకండి, దగ్గర్లో ఉన్న తలుపులోంచి ఎక్కేసి లోపల నడవండి. పెద్ద పెట్టెల్ని కొరియర్‌లో తర్వాతి హోటల్‌కి పంపేసి, ఒక రాత్రికి సరిపడా బట్టలతో రైలెక్కడం ఇంకా హాయి.

అపోహ: రైల్లో తినకూడదు

అది ఊళ్లో తిరిగే రైళ్ల మర్యాద. షింకాన్‌సెన్‌లో సీటు ముందు బల్ల ఉన్నదే తినడానికి. నొజోమి, దానికంటే కాస్త ఎక్కువ స్టాపులున్న హికరీ రైళ్లలో తోపుడు బండి అమ్మకాలు 2023 అక్టోబరుతో ఆగిపోయాయి కాబట్టి స్టేషన్లోనే కొనుక్కుని ఎక్కండి. శాకాహారులు జాగ్రత్త, కూరగాయల డబ్బాలా కనిపించినా చాలావాటిలో చేపతో చేసిన దషి అనే రసం పడుతుంది. పులిహోర కలుపుకుని తెచ్చుకుంటే ఎవరూ ఏమీ అనరు. నలుగురైతే ముందు సీట్లు తిప్పుకుని ఎదురెదురుగా కూర్చోవచ్చు. ఫోన్ వస్తే మాత్రం లేచి బోగీల మధ్య ఖాళీలోకి వెళ్లండి.

చివరిగా ఫుజి కొండ

కిటికీ పక్కన ఎక్కడ కూర్చున్నా కనిపిస్తుందనుకుంటారు. టోక్యో నుంచి వెళ్లేటప్పుడు కుడివైపు, రెండు సీట్ల వరసలో కిటికీ పక్కది, అంటే ఇంగ్లిష్ అక్షరం 'ఈ' ఉన్న సీటు కావాలి. బయల్దేరిన నలభై, నలభై అయిదు నిమిషాలకు మబ్బు లేకపోతే కనిపిస్తుంది. ఇది ఫోన్లో తెలుగులో చెప్పడం ఒక నరకం. "ఏ సీటు అన్నా?" "ఈ సీటు." "అదే, ఏ సీటు?" "ఏ కాదు, ఈ!" ఆ తమ్ముడు చివరికి 'ఏ' సీటే బుక్ చేశాడు. అది సముద్రం వైపు. అయినా వాడి అదృష్టం, షిజుఒక దాటాక ఒక్కచోట కాసేపు ఆ ఎడమవైపు నుంచి కూడా ఫుజి కనిపిస్తుంది, ఫొటో తీసి నాకే పంపించాడు.