డ్రాఖెన్‌ఫెల్స్: కాళ్ల కింది కొండనే అమ్ముకున్న కోట

జర్మనీలోని బాన్ నగరానికి కాస్త ఎగువన, రైన్ నది కుడి ఒడ్డున 321 మీటర్ల ఎత్తున్న డ్రాఖెన్‌ఫెల్స్ కొండ ఉంది. దాని కొన మీద సగం విరిగిన బురుజు, కొన్ని మొండి గోడలు మిగిలాయి. యుద్ధం ఈ కోటను పాడుబెట్టిన మాట నిజమే. అయితే కోట కింద సాగిన రాతి వ్యాపారం చేసిన నష్టమే పెద్దది.

సుమారు 2.5 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ పేరుకున్న అగ్నిపర్వత బూడిదలోకి చిక్కటి శిలాద్రవం చొచ్చుకొచ్చి, బయటపడకుండానే ఉబ్బి చల్లారింది. పైనున్న మెత్తటి పొరలు కాలక్రమంలో కోసుకుపోయి, గట్టి ట్రాకైట్ రాయి కొండగా నిలిచింది. రాతి ముక్కను చేతిలోకి తీసుకుని చూడండి: బూడిదరంగు మధ్య తెల్లటి పలకలు మెరుస్తాయి. అవి శానిడిన్ అనే ఫెల్డ్‌స్పార్ ఖనిజపు స్ఫటికాలు. కొన్ని 7 సెంటీమీటర్ల దాకా పెరిగాయి. చాలా పలకలు ఒకే వైపు ఒరిగి ఉంటాయి కాబట్టి ద్రవం ఎటు పారిందో ఇప్పటికీ చెప్పవచ్చు.

ఈ రాయిని రోమన్లే తవ్వుకున్నారు. నది దిగువనున్న కొలోన్ నగరపు ఆర్చిబిషప్ (క్రైస్తవ మతాధిపతి, ఆ ప్రాంత పాలకుడు కూడా) మొదటి ఆర్నాల్డ్ తన ప్రాంతానికి దక్షిణపు కాపలాగా 1138 ప్రాంతంలో కోట మొదలుపెట్టాడు. 1167 నాటికి అది పూర్తయింది. 1248లో కొలోన్ కెథడ్రల్ (ఆ నగరపు ప్రధాన చర్చి) పని ప్రారంభమయ్యాక రాతికి గిరాకీ పెరిగింది. కొండ వాలున బండలను ఒడ్డుకు దించి పడవకెక్కిస్తే చాలు, మిగతా పని నదీ ప్రవాహమే చూసుకునేది. కోటను ఏలిన ప్రభువులకు క్వారీ మంచి రాబడి.

ముప్పై ఏళ్ల యుద్ధంలో, 1634లో, శత్రువుకు మళ్లీ పనికిరాకూడదని ఆర్చిబిషపే కోటను కూల్పించాడు. అయినా తవ్వకం ఆగలేదు. పాదం దగ్గర ఆసరా తీసేస్తే పైనున్న బండ వాలు వైపు జరుగుతుంది, పగుళ్లు తెరుచుకుంటాయి. వాటిలో చేరిన నీరు గడ్డకట్టేటప్పుడు దాదాపు 9 శాతం వ్యాకోచించి పగులును ఇంకా వెడల్పు చేస్తుంది. 1788లో బురుజులో ఒక భాగం కూలింది. 1820లలో కెథడ్రల్ మరమ్మతు కోసం మళ్లీ క్వారీ తెరవబోతే అప్పట్లో ఈ ప్రాంతాన్ని ఏలిన ప్రష్యా రాజ్య ప్రభుత్వం అడ్డుకుని, 1836లో కొండ కొనను కొనేసింది. జర్మనీలో ప్రకృతి రక్షణకు తొలి అడుగుల్లో ఇదొకటి; ఆ కొనుగోలే లేకపోతే శిఖరం మిగిలేది కాదు. 1970లలో కాంక్రీటు పట్టీలు చుట్టి, ఉక్కు యాంకర్లు లోపలికి దించి బండను కట్టడి చేశారు.

కొలోన్‌కు చేరిన రాయికీ ఇబ్బందులు తప్పలేదు. వేడికి, చలికి పెద్ద స్ఫటికం ఒకలా, చుట్టూ ఉన్న సన్నటి రాయి మరొకలా స్పందిస్తాయి. ఆ సందులోకి నీరు దిగితే స్ఫటికం ఊడి గుంట పడుతుంది. బొగ్గు పొగలోని గంధకం వల్ల ఏర్పడే జిప్సం పైపొరను పెచ్చులుగా లేపుతుంది. పాడైన చోట పెట్టడానికి డ్రాఖెన్‌ఫెల్స్ రాయి ఇక దొరకదు కనుక, దానికి దగ్గరి పోలికున్న ట్రాకైట్‌ను ఉత్తర ఇటలీలోని మోంతెమెర్లో నుంచి తెప్పించి వాడుతున్నారు.