సందులోంచి జారిన న్యూట్రాన్లు

మన అణు జలాంతర్గామి అరిహంత్ పేరు వార్తల్లోకి వచ్చినప్పుడల్లా తిరుపతిలో నా దగ్గర ఫిజిక్స్ చదివే పిల్లలు ఒకటే అడుగుతారు: "రియాక్టర్ ఉన్న జలాంతర్గామిలోనే తిని పడుకునేవాళ్లకి రేడియేషన్ తగలదా సార్?" 2009లో విశాఖలో నీళ్లలోకి దిగిన ఆ నౌక రక్షణ కవచం వివరాలు బయటికి రావు, రాకూడదు కూడా. ఓడల్లో రేడియేషన్‌ని ఆపే కవచం కట్టే విద్య ఎలా ఎదిగిందో మాత్రం చెప్పుకోవచ్చు.

క్యాన్సర్ ఆస్పత్రి రేడియేషన్ గదికైతే మందపాటి కాంక్రీటు గోడ కడతారు. చాలదనిపిస్తే ఇంకాస్త పెంచుతారు. ఓడలో ఆ వీలుండదు, ప్రతి టన్నుకీ లెక్క చెప్పాలి. అందుకే అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో 1950 చివర్లో నీటి కొలనులో ఒక రియాక్టర్‌ని వేలాడదీసి, దాంతో కవచాలను పరీక్షించడం మొదలుపెట్టారు. మన ఎస్వీ యూనివర్సిటీ పుట్టిన 1954లోనే తొలి అణు జలాంతర్గామి నాటిలస్ నీళ్లలోకి దిగింది.

రియాక్టర్ నుంచి గామా కిరణాలూ, న్యూట్రాన్లనే కణాలూ వస్తాయి. గామా కిరణాలను సీసం, ఉక్కు లాంటి బరువైన లోహాలు ఆపుతాయి. న్యూట్రాన్‌కి అవి చాలవు. గోలీ వెళ్లి బండరాయికి తగిలితే అదే ఊపుతో వెనక్కి వస్తుంది, ఇంకో గోలీకి తగిలితే ఊపు పోతుంది. హైడ్రోజన్ కేంద్రకం దాదాపు న్యూట్రాన్ అంత బరువే, అందుకే నీళ్లు, పాలిథీన్ వాడతారు. కానీ హైడ్రోజన్ న్యూట్రాన్‌ని మింగితే మళ్లీ గామా పుడుతుంది. దాని కోసం బయట ఇంకో పొర!

ఇంత తెలిసినా అణుశక్తితో నడిచే జపాన్ ఓడ ముత్సు దెబ్బతింది. 1974 సెప్టెంబర్ 1న, సముద్రంలో, రియాక్టర్ శక్తి 1.4 శాతానికి చేరగానే అలారం మోగింది. రియాక్టర్ పాత్రకీ కవచానికీ మధ్య ఉన్న సందులోంచి వేగంగా కదిలే న్యూట్రాన్లు పైకి వచ్చేశాయి. బయటపడిన మోతాదు చాలా తక్కువే. సిబ్బంది బోరాన్ కలిపిన అన్నంతో ఆ సందును పూడ్చాలని చూశారు. చదివినప్పుడు నవ్వొచ్చినా అందులో తెలివుంది: అన్నంలో నీళ్లుంటాయి, బోరాన్ న్యూట్రాన్లను పట్టేస్తుంది. తీరంలో ఆల్చిప్పలు పెంచుకునే జాలర్లు మాత్రం ఓడను రేవులోకి రానివ్వలేదు. అక్టోబర్ మధ్య దాకా అది సముద్రంలోనే ఉండిపోయింది. వాళ్ల భయాన్ని నేను తప్పుపట్టను. బతుకు ఆ నీళ్ల మీదే కదా. తర్వాత జపాన్‌లోనే ససెబో రేవులో కవచం మార్చారు, 1991లో ఓడ అణుశక్తితో ప్రయాణాలు చేసింది, మరుసటి ఏడాదే ఆపేశారు.

క్లాసులో కవచం గీయమంటే పిల్లలు ముందు గోడ మందం వేస్తారు. నేను పైపులు, కేబుళ్లు ఆ గోడను ఎక్కడ దాటతాయో, న్యూట్రాన్లు నేరుగా జారిపోకుండా అక్కడ ఎన్ని వంపులు పెట్టాలో గీయమంటాను.